లీనియారిటీ ఊరికే రాదు

ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ల దగ్గర లీనియర్ సిస్టమ్స్ గురించి రెండు మాటలు తరచూ వింటుంటాను. ఉద్యోగంలో చేరి కొంతకాలమైనవాళ్లు అనే మాట ఒకటి: "బయట లీనియర్‌గా ఉండేది ఒక్కటైనా ఉందా? అదంతా పరీక్ష కోసం చదివిన చదువు." గణితం బాగా వచ్చినవాళ్లది రెండోది: లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ అనే గణితం తీసుకో, పోల్స్ (స్పందన ఆరిపోతుందో పెరుగుతుందో చెప్పే బిందువులు) ఎక్కడున్నాయో చూసుకో, ఇక ఆ సర్క్యూట్ గురించి తెలుసుకోవాల్సింది ఏమీ మిగలదు.

నాకు ఈ రెండూ మింగుడుపడవు. మొదటివాళ్లు లీనియారిటీని అబద్ధమనుకుంటున్నారు, రెండోవాళ్లు ప్రకృతి ఇచ్చిన వరమనుకుంటున్నారు. నా లెక్కలో అది ఇంజనీర్లు పనిగట్టుకుని తయారు చేసుకున్న సరుకు. దానికి గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) రూపంలోనో పవర్ రూపంలోనో ఖరీదు కట్టాలి. కట్టినా ఒక హద్దు వరకే పనిచేస్తుంది. మన క్లాసుల్లో సిద్ధాంతం చెబుతారు, లెక్కలు చేయిస్తారు, కానీ ఆ ఖరీదూ ఆ హద్దూ ఎక్కడా కనిపించవు. నా గొడవంతా అదే.

ముందు అసలు లీనియర్ అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది జారిపోతారు. "గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది" అని చెప్పేస్తారు. ఇన్‌పుట్‌ను రెండింతలు చేసి దానికి మూడు కలిపే పెట్టె ఒకటి ఉందనుకోండి. గ్రాఫ్ గీస్తే చక్కటి సరళరేఖే. కానీ 1 ఇస్తే 5 వస్తుంది, 2 ఇస్తే 7 వస్తుంది. ఇన్‌పుట్ రెట్టింపయింది, అవుట్‌పుట్ కాలేదు. కాబట్టి అది లీనియర్ కాదు. పరీక్ష ఒక్కటే. రెండు ఇన్‌పుట్‌లు కలిపి ఇచ్చినప్పుడు వచ్చేది, వాటిని విడివిడిగా ఇచ్చి వచ్చినవాటిని కూడితే వచ్చేదానితో సమానం కావాలి. ఒక ఇన్‌పుట్‌ను ఎన్ని రెట్లు పెంచితే అవుట్‌పుట్ కూడా అన్ని రెట్లే పెరగాలి. దీన్నే సూపర్‌పొజిషన్ అంటాం.

ఇదేదో పట్టింపు కోసం చెప్పడం లేదు. బయాస్ (సిగ్నల్ రాకముందే ఇచ్చి ఉంచే స్థిరమైన వోల్టేజీ) ఇచ్చిన ప్రతి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరూ సరిగ్గా ఆ "మూడు కలిపే పెట్టె" లాంటిదే. అందుకే ముందు బయాస్‌ను తీసి పక్కన పెట్టి, మిగిలిన చిన్న కదలికల మీద మాత్రమే సూపర్‌పొజిషన్ వాడతాం. ఆ తీసి పక్కన పెట్టడం ఎందుకో తెలియకుండానే డిగ్రీ పూర్తి చేసినవాళ్లు తక్కువేం కాదు.

ఇంకో చిక్కు పవర్‌తో వస్తుంది. ఒక ఓమ్ రెసిస్టర్ గుండా ఒక సోర్స్ వల్ల 1 ఆంపియర్, ఇంకో సోర్స్ వల్ల మరో 1 ఆంపియర్ అదే దిశలో పోతే, విడివిడిగా లెక్కేసి కూడినవాళ్లకు 2 వాట్లు వస్తాయి. నిజానికి పోయేది 2 ఆంపియర్లు, ఖర్చయ్యేది 4 వాట్లు. సర్క్యూట్ లీనియరే, పవర్ మాత్రం కరెంటు వర్గంతో పెరుగుతుంది. అవే రెండు సోర్సులు వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఉంటే మాత్రం సగటు పవర్లు బుద్ధిగా కూడుకుంటాయి. సూత్రాన్ని బట్టీ పట్టినవాడిని ఈ ఒక్క ప్రశ్నతో పట్టుకోవచ్చు.

ఇంతకీ సూపర్‌పొజిషన్ కోసం ఎందుకంత ఆరాటం? సిస్టమ్ లీనియర్‌గా ఉండి, కాలంతో మారకుండా ఉంటే, దానిలోకి పంపిన సైన్ వేవ్ సైన్ వేవ్‌గానే బయటికొస్తుంది. ఎత్తు మారొచ్చు, కాస్త ఆలస్యం కావొచ్చు, ఫ్రీక్వెన్సీ మాత్రం మారదు. చతురస్రపు వేవ్‌కు, త్రికోణపు వేవ్‌కు ఆ భాగ్యం లేదు. ఒక కిలో ఓమ్ రెసిస్టర్, 159 నానోఫారడ్ల కెపాసిటర్ కలిపి మామూలు లో పాస్ ఫిల్టర్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) కట్టి, అందులోకి 1 కిలోహెర్ట్జ్ చతురస్రపు వేవ్ పంపితే మూలలు కరిగిపోయి వేరే ఆకారం వస్తుంది. సైన్ పంపితే సైనే వస్తుంది, ఎత్తు 0.707 వంతుకు తగ్గి, 45 డిగ్రీలు వెనకబడి. ఇక ఏ సిగ్నల్‌నైనా సైన్ వేవ్‌ల మొత్తంగా విడగొట్టవచ్చు కాబట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీకి రెండు అంకెలు (ఎత్తులో మార్పు, ఆలస్యం) తెలిస్తే చాలు, మొత్తం సిస్టమ్ చేతిలో ఉన్నట్టే. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, కన్వల్యూషన్ అన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి. విద్యార్థులు వీటిని వేర్వేరు అధ్యాయాలుగా చదువుతారు, అదో దౌర్భాగ్యం.

తెవెనిన్ సిద్ధాంతం కూడా ఈ కుటుంబంలోదే. హెల్మ్‌హోల్ట్స్ 1853లో, ఆయన సంగతి తెలియకుండానే ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు తెవెనిన్ 1883లో చెప్పింది ఒకటే. పెట్టె లోపల ఎన్ని రెసిస్టర్లు, ఎన్ని బ్యాటరీలు చిక్కుముడి పడి ఉన్నా, రెండు తీగలు బయటికి లాగి చూసేవాడికి అది ఒక వోల్టేజీ, ఒక రెసిస్టెన్స్ మాత్రమే. బయటి నుంచి ఎన్ని కొలతలు తీసుకున్నా లోపల ఏముందో చెప్పలేం. అయితే ఈ సమానత్వం బయటికే పరిమితం. ఏమీ తగిలించకుండా వదిలేస్తే తెవెనిన్ రూపంలో లోపల కరెంటే పారదు, దానికి సమానమైన నార్టన్ రూపంలో (ఒక కరెంటు సోర్సు, దానికి సమాంతరంగా రెసిస్టర్) ఆ రెసిస్టర్ వేడెక్కుతూనే ఉంటుంది. అసలు పెట్టెలో ఎంత పవర్ తగలబడుతోందో రెండూ చెప్పవు.

ఇప్పుడు అసలు వాదనలోకి వస్తాను. లీనియర్ అంటే మంచిది, నాన్‌లీనియర్ అంటే చెడ్డది అనే అభిప్రాయం ఒకటి బలంగా పాతుకుపోయింది. కానీ లీనియర్ అయినంత మాత్రాన సిగ్నల్ చెడకుండా వస్తుందనేం లేదు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ సంగతి చూడండి. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డుకు చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. సిగ్నల్ కోసం వాడిన స్థాయిలో ఆ కేబుల్ లీనియరే. రాగి తీగకు రెసిస్టెన్స్, చుట్టూ ఉన్న ఇన్సులేషన్‌కు కెపాసిటెన్స్, అంతే. ఒక చివర టక్కున ఇచ్చిన పల్స్ రెండో చివర మెల్లగా లేచి, మెల్లగా పడిపోయేది. ఒకదాని తోక మీద ఇంకోటి ఎక్కి, అక్షరాలు కలగాపులగమయ్యేవి. భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ అంతకు కొన్నేళ్ల ముందే, ఫూరియే 1822లో వేడి ప్రవాహం గురించి ప్రచురించిన గణితాన్ని తెచ్చి కేబుల్‌కు వర్తింపజేశాడు. పొడవు రెట్టింపు చేస్తే ఆలస్యం నాలుగు రెట్లవుతుందని తేల్చాడు. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్‌కు ఆ లెక్క నచ్చలేదు. వోల్టేజీ పెంచితే సిగ్నల్ దూసుకుపోతుందనుకుని సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అసలే సరిగ్గా తయారు కాని కేబుల్ కొన్ని వారాలకే చచ్చిపోయింది.

ఈ కథలో నాకు నచ్చే భాగం ఏమిటంటే, సూపర్‌పొజిషన్ తెలిసినవాడికి వైట్‌హౌస్ చేసింది ఎందుకు పనికిరాదో రెండు క్షణాల్లో అర్థమవుతుంది. లీనియర్ సిస్టమ్‌లో వోల్టేజీ పది రెట్లు పెంచితే అవుట్‌పుట్ పది రెట్లు ఎత్తుగా వస్తుంది, కానీ ఆకారం అదే. పల్స్ సన్నబడదు. అక్షరాలు కలగాపులగం కావడం కూడా పది రెట్లే పెరుగుతుంది.

మరి దారేది? ఆలివర్ హెవిసైడ్ 1887లో చూపించాడు. రెసిస్టెన్స్‌కూ ఇండక్టెన్స్‌కూ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉన్న నిష్పత్తి, లీకేజీకీ కెపాసిటెన్స్‌కూ ఉన్న నిష్పత్తి సమానమైతే, లైను సిగ్నల్‌ను బలహీనపరుస్తుంది కానీ ఆకారం చెడగొట్టదు. మామూలు లైన్లలో ఇండక్టెన్స్ తక్కువ, కాబట్టి దాన్ని పెంచమన్నాడు. ఆ రోజుల్లో బ్రిటిష్ పోస్టాఫీసు టెలిగ్రాఫ్ వ్యవహారాల్లో పెద్దమనిషి విలియం ప్రీస్ ఇండక్టెన్స్ పెంచడం హానికరమని నమ్మేవాడు. పదహారేళ్లకే బడి వదిలేసిన హెవిసైడ్ మాటకు అక్కడ విలువ దక్కలేదు. 1900 ప్రాంతంలో అమెరికాలో పూపిన్, క్యాంప్‌బెల్‌ల పనితో లైనుకు ఇండక్టెన్స్ కలిపే లోడింగ్ కాయిల్స్ వచ్చాకగానీ ఆ సూత్రం లైన్లకెక్కలేదు.

ఇక్కడ గమనించాల్సింది, లీనియర్ సిస్టమ్ చేసిన చెరుపును ఇంకో లీనియర్ సిస్టమ్ సరిచేయగలదు. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గిందో, ఎంత ఆలస్యమైందో తెలిస్తే దాన్ని అంతే పెంచి, మిగతావాటిని అంతే ఆపి ఆకారం తిరిగి తెచ్చుకోవచ్చు. ఈక్వలైజర్ చేసేది ఇదే. పూర్తిగా తగ్గిపోయి నాయిస్‌లో మునిగిన ఫ్రీక్వెన్సీని మాత్రం లేపలేం, ఎందుకంటే దానితోపాటు నాయిస్ కూడా లేస్తుంది. నాన్‌లీనియర్ చెరుపు అలా కాదు. యాంప్లిఫయర్ 12 వోల్టుల దగ్గర క్లిప్ అయితే, అంటే అంతకు మించి పోలేక సిగ్నల్ తల తెగిపోతే, అక్కడ అసలు సిగ్నల్ 13 వోల్టులు ఉండేదో 20 ఉండేదో అవుట్‌పుట్ చూసి చెప్పలేం. ఆ సమాచారం పోయింది. లీనియారిటీ కోసం ఇంజనీర్లు పడి చచ్చేది సిగ్నల్ అందంగా వస్తుందని కాదు. పాడైనా బాగుచేసుకోవచ్చనే భరోసా కోసం.

కమ్యూనికేషన్‌లో ఇంకో కారణం ఉంది. ఒకే తీగ మీద, ఒకే గాలిలో ఎందరో మాట్లాడుకోవాలంటే ఒకరి సిగ్నల్ ఇంకొకరి సిగ్నల్‌ను ముట్టుకోకూడదు. ఇది సూపర్‌పొజిషన్ పుణ్యమే. అది చెడితే ఏమవుతుందో ఏ రేడియో ఇంజనీరునడిగినా చెబుతారు. రిసీవర్ మొదటి యాంప్లిఫయర్‌లోకి 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటి, 101 దగ్గర ఒకటి బలమైన స్టేషన్లు వచ్చాయనుకుందాం. యాంప్లిఫయర్‌లో కాస్త వంకర (నాన్‌లీనియారిటీ) ఉంటే చాలు, 99 దగ్గరా 102 దగ్గరా ఎవరూ ప్రసారం చేయని సిగ్నల్స్ పుట్టుకొస్తాయి. 102 దగ్గర మీరు వినాలనుకున్న బలహీనమైన స్టేషన్ ఉంటే దాని పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా లాభం లేదు, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నాయి. పైగా స్టేషన్ల బలం ఒక డెసిబెల్ పెరిగితే ఈ దొంగ సిగ్నల్ మూడు డెసిబెల్స్ పెరుగుతుంది. (సిగ్నల్‌ను ఇంకో ఫ్రీక్వెన్సీకి మార్చే మిక్సర్ అనే భాగం కూడా రేడియోలో కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తుంది కదా అంటారేమో. స్విచ్‌లాగా పనిచేసే మంచి మిక్సర్ మన సిగ్నల్ వరకు లీనియరే. కాలంతో మారుతుంది, అంతే తేడా. ఆ "కాలంతో మారకుండా" అనే షరతును నిర్లక్ష్యం చేయకూడదనేది అందుకే.)

గాలి కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. 1933లో నెదర్లాండ్స్‌లో టెలెగెన్ అనే ఇంజనీరు స్విట్జర్లాండ్‌లోని బెరోమ్యూన్‌స్టర్ స్టేషన్ వింటుంటే దాని వెనక లక్సెంబర్గ్ రేడియో కార్యక్రమం వినిపించింది. అది రిసీవర్ లోపం కాదు. లక్సెంబర్గ్ ట్రాన్స్‌మిటర్ ఎంత బలమైనదంటే, అది పైనున్న అయనోస్ఫియర్‌ను (విద్యుదావేశమున్న వాతావరణ పొర) వేడెక్కించి, ఆ దారిన పోతున్న మరో స్టేషన్ సిగ్నల్ బలాన్ని తన పాటకు తగ్గట్టు మార్చేసింది. ఇదే టెలెగెన్ 1952లో కిర్హాఫ్ నియమాల నుంచి ఒక సిద్ధాంతం రాబట్టాడు. సర్క్యూట్‌లో ఏమున్నా సరే, అన్ని భాగాల వోల్టేజీ, కరెంటుల గుణకారాల మొత్తం సున్నా. దానికి లీనియారిటీ అక్కర్లేదు. కిర్హాఫ్‌కూ ఓమ్‌కూ తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. కిర్హాఫ్ చెప్పింది భాగాలు ఎలా కలిపారన్న దాని గురించి, కాబట్టి డయోడ్ పెట్టినా చెల్లుతుంది. ఓమ్ చెప్పింది ఒక రకం భాగం ప్రవర్తన గురించి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "ప్రాథమిక నియమాలు" అని నేర్పడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ఖరీదు సంగతికి వద్దాం. దూరప్రాంత టెలిఫోన్ లైన్లలో ఒకే జత తీగల మీద చాలా సంభాషణలు పంపేవాళ్లు, దారిలో వరసగా ఎన్నో రిపీటర్లు (సిగ్నల్‌ను మళ్లీ పెంచే యాంప్లిఫయర్లు). ప్రతి వ్యాక్యూమ్ ట్యూబ్ కొద్దికొద్దిగా వంకర పెట్టేది, ఆ వంకరలన్నీ పోగుపడి ఒకరి మాటలు ఇంకొకరి మాటల్లోకి చొరబడేవి. బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్‌కు ఇదే పని. మరింత మంచి ట్యూబుల కోసం కాలం గడుస్తోంది. 1927 ఆగస్టు 2 ఉదయం, ఆఫీసుకు పోతూ హడ్సన్ నది మీద ఫెర్రీలో ఉండగా ఆయనకు తట్టిన ఆలోచనను చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే రాసుకున్నాడు. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరగేసి ఇన్‌పుట్‌కు పంపాలి. గెయిన్ భారీగా పోతుంది. పోనీ. దానికి బదులుగా, మిగిలిన గెయిన్ ట్యూబు మీద కాక, ఫీడ్‌బ్యాక్ దారిలో పెట్టిన రెసిస్టర్ల మీద ఆధారపడుతుంది.

అంకెల్లో చూస్తేనే దీని మహిమ తెలుస్తుంది. లోపలి గెయిన్ 1,00,000, అవుట్‌పుట్‌లో నూరో వంతు వెనక్కి పంపుతున్నాం. మొత్తం గెయిన్ 99.90. ఇప్పుడు లోపలి గెయిన్ సగానికి, అంటే 50,000కు పడిపోయిందనుకోండి. మొత్తం గెయిన్ 99.80 అవుతుంది. లోపల సగం కూలిపోతే బయట వెయ్యిలో ఒక వంతు కదిలింది. కష్టపడి సంపాదించిన గెయిన్‌ను వెయ్యి వంతుల్లో ఒక వంతుకు తగ్గించుకోవడం ఆ రోజుల్లో ఎవరికీ తలకెక్కని సంగతి. 1928లో చేసిన పేటెంటు దరఖాస్తుకు మంజూరు 1937 డిసెంబరులో గానీ రాలేదు. ఈలోగా ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన యాంప్లిఫయర్లు కొన్ని ఈల వేయడం మొదలుపెడితే, అది ఎప్పుడు జరుగుతుందో, ఎప్పుడు జరగదో 1932లో నైక్విస్ట్ తేల్చాల్సి వచ్చింది. చూశారా, లీనియారిటీ కొనుక్కోబోతే స్టెబిలిటీ బిల్లు కూడా చేతికొచ్చింది.

ఈ బేరం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 4జీ, 5జీల్లో వాడే ఓఎఫ్‌డీఎమ్ (సమాచారాన్ని ఒకేసారి ఎన్నో ఫ్రీక్వెన్సీల మీద పంపే పద్ధతి) సిగ్నల్‌లో వందల సైన్ వేవ్‌లు కలిసి ఉంటాయి. అవన్నీ ఒక్కోసారి ఒకేసారి పైకి లేచి పెద్ద శిఖరం చేస్తాయి. ఆ శిఖరాన్ని క్లిప్ చేయకుండా దాటించాలంటే పవర్ యాంప్లిఫయర్‌ను మిగతా సమయమంతా దాని సామర్థ్యం కంటే బాగా కింద నడపాలి, కరెంటు వేడిగా పోతుంది. బేస్ స్టేషన్లలో యాంప్లిఫయర్ ఏ వంకర పెడుతుందో ముందే లెక్కేసి, సిగ్నల్‌కు దానికి ఎదురు వంకర పెట్టి పంపుతారు. 4జీలో ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారికి వేరే పద్ధతి ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం ఈ శిఖరాల బెడద తగ్గించి, ఫోన్ బ్యాటరీని కాపాడటం. "బయట లీనియర్ ఏదీ లేదు" అనేవాళ్లకు నా సమాధానం ఇదే. లేదు కాబట్టే తయారు చేయడానికి ఇంత ఖర్చు పెడుతున్నాం.

ఇక రెండో రకం వాళ్లు, లాప్లాస్ భక్తులు. ట్రాన్సిస్టర్ చిన్న సిగ్నల్ మోడల్‌ను (చిన్న కదలికలకు ట్రాన్సిస్టర్‌ను లీనియర్‌గా భావించే మోడల్) తీసుకోండి. కలెక్టర్ కరెంటు బేస్ వోల్టేజీతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, గది ఉష్ణోగ్రతలో దాని కొలమానం దాదాపు 26 మిల్లీవోల్టులు. 2 మిల్లీవోల్టుల సిగ్నల్ ఇస్తే కరెంటు పైకి 8 శాతం, కిందికి 7.4 శాతం. మోడల్ రెండు వైపులా 7.7 అంటుంది, పరవాలేదు. 10 మిల్లీవోల్టులు ఇస్తే పైకి 47 శాతం, కిందికి 32 శాతం. మోడల్ మాత్రం రెండు వైపులా 38 అనే అంటుంది. పది మిల్లీవోల్టులంటే ఎంతని! "చిన్న సిగ్నల్" అన్న మాటలో చిన్న అంటే ఎంతో చెప్పకుండా హైబ్రిడ్ పై అనే ఆ చిన్న సిగ్నల్ మోడల్ మీద పేజీలకు పేజీలు లెక్కలు చేయించడం వల్ల ఉపయోగమేంటో నాకు అర్థం కాదు.

ఆసిలేటర్ (తనంతట తానే వేవ్ పుట్టించే సర్క్యూట్) విషయంలో ఈ గణితం మరీ బిత్తరపోతుంది. పోల్స్ గ్రాఫ్‌లో నిలువు గీతకు ఎడమవైపు ఉంటే ఆసిలేషన్ ఆరిపోతుంది, కుడివైపు ఉంటే అంతు లేకుండా పెరుగుతుంది, సరిగ్గా గీత మీద ఉంటే నిలబడుతుంది. నిజమైన రెసిస్టర్లతో గీత మీద సరిగ్గా ఎవరు నిలబెట్టగలరు? నిలబెట్టినా ఆ వేవ్ ఎత్తు ఎంతో లీనియర్ సమీకరణం చెప్పలేదు. ఒక వోల్టు జవాబైతే పది వోల్టులూ జవాబే. అమెరికన్ ఇంజనీరు హ్యూలెట్ తన ఆసిలేటర్‌లో ఒక చిన్న బల్బు పెట్టింది ఇందుకే. 1939 నాటి ఆ పరికరంలో వేవ్ ఎత్తు పెరిగితే ఫిలమెంటు వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, గెయిన్ తగ్గుతుంది, ఎత్తు ఒక చోట కుదురుకుంటుంది. శుభ్రమైన సైన్ వేవ్ కావాలంటే లోపల ఒక మెల్లటి నాన్‌లీనియర్ భాగం ఉండి తీరాలి.

సిలబస్‌లో ఇదంతా చెప్పే టైమ్ ఎక్కడుంది అని అధ్యాపకులు అంటారు. టైమ్ ఉంది. పార్షియల్ ఫ్రాక్షన్స్‌ను చేత్తో విడగొట్టే లెక్కలు సగం తీసేయండి, కంప్యూటర్ చేసే పనే అది. మెష్ అనాలిసిస్‌లో ఒకే రకం లెక్క అయిదోసారి చేయించకండి. నేనడిగేది కొత్త అధ్యాయం కూడా కాదు, ఉన్న ప్రశ్నకే ఒక వాక్యం అతికించమని.

ఉదాహరణకు, పాత 741 ఆప్ యాంప్‌తో (ఎక్కువ గెయిన్ ఉన్న రెడీమేడ్ యాంప్లిఫయర్ చిప్) గెయిన్ 10 ఉన్న నాన్‌ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్, సప్లై ప్లస్ మైనస్ 15 వోల్టులు, ఇన్‌పుట్ 1 వోల్టు పీక్, 20 కిలోహెర్ట్జ్. అవుట్‌పుట్ ఎంత? గెయిన్ బ్యాండ్‌విడ్త్ (ఆ రెండింటి లబ్ధం) 1 మెగాహెర్ట్జ్ కాబట్టి బ్యాండ్‌విడ్త్ 100 కిలోహెర్ట్జ్, 20 దగ్గర పెద్ద నష్టమేమీ లేదు, దాదాపు 10 వోల్టుల పీక్ సైన్ వేవ్. ఇప్పుడు పరీక్షల్లో పూర్తి మార్కులు పడే జవాబిది. ఇది తప్పు. 10 వోల్టుల సైన్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర మైక్రోసెకనుకు 1.26 వోల్టుల వేగంతో కదలాలి, 741 స్లూ రేటు (అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం) 0.5 మాత్రమే. కాబట్టి ఆసిలోస్కోప్ తెర మీద కనిపించేది సుమారు 6.25 వోల్టుల పీక్ ఉన్న త్రికోణం. అతికించమన్న వాక్యం ఇది: "ఇన్‌పుట్ ఎంత దాటితే మీ జవాబు చెల్లదు?" స్లూ రేటును రెండు పై, 20,000ల లబ్ధంతో భాగిస్తే అవుట్‌పుట్ హద్దు 4 వోల్టులు, ఇన్‌పుట్ హద్దు 0.4 వోల్టు. రెండు లైన్ల లెక్క, రెండు మార్కులు ఇవ్వండి చాలు.